యజమాని కావలెను

లెంక అసిరినాయుడి పింఛను మూడు నిమిషాల్లో దొరికింది. దొరకనిదల్లా యజమాని.

పాత కంపెనీ పింఛను వెతుక్కోవడమంటే చెప్పులరిగిపోయే పనని లోకమంతా అంటుంది. అసిరినాయుడూ అదే నమ్మి, చద్ది మూట, సీసాడు నీళ్ళు, ఎందుకైనా మంచిదని ఒక దుప్పటీ పట్టుకుని జిల్లా కేంద్రంలోని శ్రామిక విశ్రాంతి నిధి కార్యాలయానికి వెళ్ళాడు. కౌంటరులో అమ్మాయి అతని పేరు, మిల్లు పేరు, బిళ్ళ నంబరు అడిగింది. నడిమివలస గోనెల మిల్లులో ఇరవై ఏడేళ్ళు మగ్గం ముందు నిలబడ్డ మనిషి. మనవల పేర్లు తడుముకుంటాడేమో గానీ బిళ్ళ నంబరు తడుముకోడు. "నాలుగొందల పదకొండమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి కంప్యూటరులో నాలుగు మీటలు నొక్కి, "ఉంది తాతా, భద్రంగా ఉంది" అంది.

అసిరినాయుడు దుప్పటి తీసి కౌంటరు మీద పెట్టేశాడు. మిల్లు మూతబడి పదహారేళ్ళు. ఆ పదహారేళ్ళూ ఇల్లు గడిచింది అతని పెళ్ళాం అప్పయ్యమ్మ పెట్టిన ఇడ్లీ పొయ్యి మీద. పొయ్యి ముందు నిలబడి నిలబడి ఆవిడ మోకాలు ఒకటి అరిగిపోయింది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. అతనికి పింఛను వయసు వచ్చి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచీ ఆవిడది ఒకటే మాట: "నీ పింఛను సేతికొచ్చిన్నాడు ఈ పొయ్యిలో చెంబుడు నీళ్ళు పోసీసి, కాళ్ళు సాపుకొని కూకుంతాను." అసిరినాయుడికి కావలసిందీ అదే. అప్పయ్యమ్మ కాళ్ళు చాపుకుని కూర్చోగా చూడాలి.

"అయితే ఇచ్చీయమ్మా, బేగి ఎల్లిపోతాను. పదకొండింటి బస్సుంది" అన్నాడు.

"ఇచ్చేస్తాం తాతా. మీ పాత యజమాని సంతకం ఒక్కటి తెచ్చుకో."

"ఆయన సచ్చిపోయి ఏడేళ్ళయింది గదమ్మా."

ఆ అమ్మాయి జాలిగా చూసి, పక్క గది చూపించింది. గుమ్మం మీద బెలూన్లు వేలాడుతున్నాయి. ఆ విభాగం ప్రారంభమై నెలే అయింది కాబట్టి కొన్నింటిలో ఇంకా గాలి ఉంది. గోడ మీద ఫ్లెక్సీ: "పూర్వ యజమాని అన్వేషణ విభాగము. యజమానిని వెదకుదాం, విశ్రాంతిగా బతుకుదాం." దాని కింద ఉపసంచాలకులు కొంపెల్ల విశ్వపతి గారు కూర్చుని ఉన్నారు. ఆయన అచ్చు పుస్తకంలా మాట్లాడే మనిషి. ఇంట్లో ఉప్పు అడగాలన్నా "లవణము" అంటారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"ఆసీనులు కండు. తమ పింఛను లభ్యమైనందులకు విభాగము పక్షాన అభినందనలు. ఇక మిగిలినది స్వల్పము. యజమానిని హాజరుపరచవలెను."

"ఓనరు పోనాడండి బాబూ."

"దానికేమి? నియమావళిలో యజమాని అనగా వ్యక్తి కాదు, సంస్థ. సంస్థ సంతకము చేసిన చాలును."

"సంస్థా మూతడిపోనాది బాబూ. మిసన్లు కూడా కాటా వేసి అమ్మీసినారు."

"మూతబడిన సంస్థ సంతకము చేయజాలదు కదా?"

"సెయ్యనేదండి."

"అదియే సమస్య!" అంటూ విశ్వపతి గారు హాయిగా నవ్వారు. సమస్య కనబడితే ఆయన ఒంట్లోకి సత్తువ వస్తుంది. లావుపాటి పుస్తకం తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పారు. "వినుడు. తొమ్మిదవ అధ్యాయము. మూతబడిన సంస్థను, ఆసక్తి గల పౌరుడెవరైనను, ఒక్క పనిదినము మేరకు పునరుద్ధరించుకొనవచ్చును."

"అంటే ఏటండి?"

"మిల్లు తెరువుడు. ఉదయము ఎనిమిదికి తెరువుడు. సాయంత్రము అయిదింటికి యజమాని సంతకము చేయును. అయిదుంబావుకు మూసుకొనుడు. కావలసినవి కొద్దియే. ఇరువది మంది కార్మికులు, ఒక సైరను, కొంత ఉత్పత్తి, మరియు ఒక యజమాని. ఆ యజమాని మునుపు ఆ మిల్లులో కార్మికుడై ఉండరాదు. నేనే స్వయముగా తనిఖీకి వచ్చెదను."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఈ పూజారి అంత చెడ్డవాడు కాదు, గుడి కట్టుకుని రమ్మన్నాడంతే. అసిరినాయుడు దుప్పటి చంకన పెట్టుకుని పదకొండింటి బస్సుకే ఇంటికి వచ్చేశాడు.

నడిమివలసలో మిల్లంటూ మిగిలింది గేటు ఒక్కటే. లోపలి నేలంతా ఇళ్ళ స్థలాలుగా కోసి, రంగు రాళ్ళు పాతి, జెండాలు కట్టారు. ఒక్క ప్లాటూ అమ్ముడుపోలేదు. గేటుకి రెండు స్తంభాలున్నాయి. ఎడమ స్తంభాన్ని ఆనుకుని అప్పయ్యమ్మ ఇడ్లీ బడ్డీ. కుడి స్తంభాన్ని ఆనుకుని రోజంతా యూనియన్ ప్రెసిడెంటు తవిటినాయుడు. మిల్లు పోయినా ఆయన పదవి పోలేదు, ఎందుకంటే పోటీ చేసేవాడు లేడు. వరసకి అప్పయ్యమ్మకి తమ్ముడవుతాడు. ఆ వరస మీదే పదహారేళ్ళుగా రెండు ఇడ్లీలు ఎక్కువ తింటున్నాడు.

మిల్లు ఒక్కరోజు తెరవాలనగానే తవిటినాయుడు లేచి నిలబడ్డాడు. ఊళ్ళో మిగిలిన పాత కార్మికులు సరిగ్గా ఇరవై మంది. అందరి పింఛన్లూ ఇలాగే గూట్లో ఉన్నాయి. సాయంత్రానికల్లా అందర్నీ గేటు దగ్గర పోగేశాడు. సైరనుకి దిగుల్లేదు. కొర్లాపు గణపతి అనే ముసలాయన పాతికేళ్ళు విన్న కూతని నోటితో అచ్చంగా కూస్తాడు. ఉత్పత్తికీ దిగుల్లేదు. జనపనార తెస్తే చేత్తోనే నాలుగు గోనెలు కుట్టెయ్యచ్చు. వచ్చిన చిక్కల్లా యజమానితోనే.

"ఎవడో ఒకడు ఓనరుగా కూకోండ్రా. ఒక్క రోజే గదా" అన్నాడు అసిరినాయుడు.

"కార్మికుడు కూకోకూడదన్నాడు గదేటి ఆఫీసరు బాబు. కూకోవచ్చన్నా నాను కూకోను బావా. ఈ కంఠంలో పేనముండగా ఓనరు కుర్చీ ముట్టుకోను" అని తవిటినాయుడు రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు.

మిల్లులో ఎన్నడూ పని చెయ్యని వాళ్ళెవరని వెతికితే ఊళ్ళో అందరూ ఏదో ఒక సీజన్లో గోనెలు మోసినవాళ్ళే తేలారు. అప్పుడు ఇరవై జతల కళ్ళూ ఎడమ స్తంభం వైపు తిరిగాయి. అప్పయ్యమ్మ చట్నీ గిన్నె కడుగుతూ తలెత్తి చూసింది.

"ఏటలా సూత్తన్నారు? నానేటి, ఓనరునా? నా మోకాలికి రాసుకోడానికి మందు నేదుగానీ!"

"అప్పా, ఒక్క సంతకం అప్పా. సాయంత్రం అయిదింటికి ఒక్క సంతకం ఎట్టీసి పొయ్యి ఆర్పీయొచ్చు" అన్నాడు తవిటినాయుడు.

పొయ్యి ఆర్పడమనే మాట వినగానే ఆవిడ మెత్తబడింది.

పునరుద్ధరణ సోమవారం జరిగింది. ఎనిమిదికి గణపతి గేటెక్కి కూత పెట్టాడు. ఆ కూతకి ఊరి కుక్కలు కూడా లేచి నిలబడ్డాయి. ఇరవై మంది ముసలివాళ్ళు, ఎవరూ చెప్పకుండానే, నంబర్ల వరసలో గేటు ముందు నిలబడ్డారు. నాలుగొందల పదకొండు పక్కన నాలుగొందల పన్నెండు లేడు, పోయాడు. ఆ జాగా ఖాళీగా వదిలి ఆ పక్కవాడు నిలబడ్డాడు. అసిరినాయుడికి ఆ ఖాళీ చూసి ఏడుపొచ్చింది. తువ్వాలుతో ముఖం తుడుచుకుని లోపలికి నడిచాడు.

విశ్వపతి గారు జీపులో వచ్చి, గొడుగు కింద బల్ల వేయించుకుని, పుస్తకం తెరిచారు. ఆయన ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో అప్పయ్యమ్మని కూర్చోబెట్టారు. పొయ్యి పక్కనే ఉంది కాబట్టి ఆవిడ ఒక కన్ను మిల్లు మీదా ఒక కన్ను ఇడ్లీ పాత్ర మీదా వేసి ఉంచింది. పది గంటల దాకా పని బ్రహ్మాండంగా సాగింది. రెండు గోనెలు సగం దాకా వచ్చాయి కూడా.

పదింటికి తవిటినాయుడు తల ఎత్తి చూశాడు. ఎదురుగా కుర్చీలో ఓనరు. గొడుగు నీడలో, కాలు మీద కాలు వేసుకుని మరీ కూర్చుంది. నిజానికి ఆ కాలు నొప్పికి పైకి పెట్టుకుంది. కానీ తవిటినాయుడికి అదంతా ఎక్కడ కనబడుతుంది? పదహారేళ్ళ నుంచి ఒంట్లో దాచిపెట్టుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. దారం విసిరికొట్టి లేచాడు.

"యాజమాన్యం మొండి వైఖరి!"

"నశించాలి!" అన్నాయి పద్దెనిమిది గొంతులు. దారాలు, సూదులు కింద పడ్డాయి. గోనెలు ఆగిపోయాయి.

"రెండో టీ ఎక్కడ? మూడుగంటల టీ మా హక్కు!"

మిల్లు మూతబడే నాటికి తీరకుండా ఉండిపోయిన కోరిక అది. మధ్యాహ్నం మూడింటికి ఇంకో కప్పు టీ ఇమ్మని అడిగారు. యాజమాన్యం కుదరదంది. ఆ పేచీలోనే సమ్మె, ఆ సమ్మెలోనే మూత. అసిరినాయుడు అయ్యో అయ్యో అంటూ లేచాడు. ఆపుదామనే లేచాడు పాపం. కానీ తవిటినాయుడు మూడోసారి "యాజమాన్యం" అనేసరికి అతని చెయ్యి దానంతట అదే పిడికిలి బిగించి పైకి లేచింది. నోరు దానంతట అదే "నశించాలి" అంది. ఇరవై ఏడేళ్ళ అలవాటు. ఎంత గట్టిగా అన్నాడంటే కుర్చీలో అప్పయ్యమ్మ చేతిలోని గరిటె జార్చేసింది.

"ఏటీ! నువ్వు కూడానా?"

"యూనియన్ మాటే. నానేటి సెయ్యను?" అన్నాడు అసిరినాయుడు, చెయ్యి దింపకుండానే.

విశ్వపతి గారు చకచకా రాసుకుంటున్నారు. సమ్మెలో ఉన్న సంస్థ సంతకం చెల్లదని ఆయన చెప్పబోతుండగా అప్పయ్యమ్మ కుర్చీలోంచి కష్టపడి లేచి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"ఓరి మీ దుంపల్తెగా! టీ కోసమేట్రా పదారేళ్ళు ఇలా ఏడిసినారు? రెండో టీ కాదు, మూడో టీ కూడా ఇత్తాను. అరవకుండా కూకొని ముందు టిపినీ తినండి, సల్లారిపోతాది."

తవిటినాయుడు పిడికిలి మెల్లగా విప్పాడు. జీవితంలో మొదటిసారి యాజమాన్యం దిగి వచ్చింది. అదీ అర నిమిషంలో. ఆయన అక్కడే కూలబడి, ఇడ్లీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, "గెలిసినాం రా, గెలిసినాం" అంటూ భోరుమన్నాడు. మిగతావాళ్ళు వీపు నిమిరారు. విశ్వపతి గారు కూడా ఆరు ఇడ్లీలు తిని, ఆ విషయం పుస్తకంలో నమోదు చేసుకున్నారు.

అయిదు గంటలైంది. అసిరినాయుడు ఇరవై ఫారాలు అప్పయ్యమ్మ ముందు పెట్టాడు. ఆవిడ పెన్ను పట్టుకుంది. ఆ చేతిని విశ్వపతి గారు గాలిలోనే ఆపారు.

"క్షమించవలెను. ఫారములో కావలసినది పూర్వ యజమాని సంతకము. తమరు పూర్వులు కారు, ప్రస్తుత యజమాని. మిల్లు మూసిన పిమ్మటనే పూర్వులగుదురు."

"అయితే మూసీసినాను. ఇదిగో" అని ఆవిడ చెంబు అందుకుంది.

"ఆగుము, ఆగుము! అది నేరము." విశ్వపతి గారు బెదిరిపోయి లేచి నిలబడ్డారు. "నా తనిఖీ నివేదిక వినుడు. గోనెల విభాగమున ఉత్పత్తి శూన్యము. కాని క్యాంటీను విభాగమున ఒక్క దినమునందే నూట డెబ్బది ఇడ్లీలు. పదునారు సంవత్సరముల పారిశ్రామిక వివాదము అర నిమిషమున పరిష్కృతము. ఇట్టి నిలకడ గల సంస్థ ఈ జిల్లాలో రెండవది లేదు! నిలకడ గల సంస్థను ప్రభుత్వ అనుమతి లేక మూయరాదు. దరఖాస్తు చేసుకొనుడు. విచారణ జరుగును. రెండు మూడు సంవత్సరములలో ఏదో యొక నిర్ణయము వెలువడును. అంతవరకు ఆ పొయ్యి ఆరిన యెడల అక్రమ లాకౌటుగా పరిగణింపబడును."

"మరి నా పింఛనో బాబూ?" అన్నాడు అసిరినాయుడు.

"తమరిప్పుడు ఉద్యోగమునందున్నారు. ఉద్యోగమునందున్నవారికి పింఛను ఎట్లిత్తుము?" విశ్వపతి గారు చిరునవ్వు నవ్వి, చెయ్యి కలిపారు. "ఉద్యోగము మరల లభించినందులకు అభినందనలు."

అలా అసిరినాయుడు పింఛను కోసం వెళ్ళి ఉద్యోగం తెచ్చుకున్నాడు. పెళ్ళాం దగ్గర.

ఆ తర్వాత నెల రోజులు అప్పయ్యమ్మ పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. రోజూ ఎనిమిదింటికి గణపతి కూత. ఇరవై మంది హాజరు. ఒక్కడు తక్కువైనా సంస్థ చట్ట విరుద్ధమవుతుందట. జ్వరమొచ్చినవాడిని కూడా మంచంతో మోసుకొచ్చేవారు. వాళ్ళందరికీ టిఫిను, మూడు టీలు. అదీ కాక వారానికో నోటీసు. నిప్పు ఆర్పే ఇసుక బకెట్లు పెట్టాలి. ఉమ్మి తొట్లు పెట్టాలి. కార్మికుల పసిబిడ్డలకి ఊయల గది కట్టాలి. ఇరవై మంది బిడ్డల్లోకీ చిన్నవాడు గణపతి గారి అబ్బాయి, వాడికి ముప్ఫై నాలుగు. "ఆడిని ఊయల్లో ఎవుడు ఊపుతాడు?" అని అప్పయ్యమ్మ అడిగితే, విశ్వపతి గారు ఆ ప్రశ్నని పై కార్యాలయానికి పంపారు.

తవిటినాయుడు ఒక్కడే కులాసాగా ఉన్నాడు. కొత్త కోరికల పత్రం రాసుకుంటున్నాడు.

అప్పయ్యమ్మకి ఇంతకు ముందు ఒక మోకాలు నొప్పి. ఇప్పుడు రెండూ. రోజు ముగిసేసరికి స్తంభం పట్టుకుంటే గానీ అడుగు పడేది కాదు. అసిరినాయుడు పిండి రుబ్బాడు, నీళ్ళు మోశాడు, రాత్రికి కాళ్ళు నొక్కాడు. కార్మికుడు యజమాని కాళ్ళు నొక్కుతున్నాడని తవిటినాయుడు అభ్యంతరం చెప్పాడు కూడా. "నోరుముయ్యిరా" అని అసిరినాయుడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి యూనియన్‌ని తిట్టాడు. ఆ పూట నిద్ర పట్టలేదతనికి. దీన్నంతటినీ తెచ్చిపెట్టింది తనే. మూడు నిమిషాల్లో పింఛను దొరికినప్పుడే ఏదో తేడా ఉందని అనుమానించాల్సింది.

ముప్ఫయ్యో రోజున హాజరు పడగానే అప్పయ్యమ్మ నూనె మరక చీరతోనే బస్సెక్కి విశ్వపతి గారి గదిలోకి వెళ్ళింది. అసిరినాయుడు వెనకాలే వెళ్ళాడు.

"బాబూ, ఓనరు సచ్చిపోతే మీకు నచ్చనేదు. బతికుంటే నచ్చనేదు. ఇంకెలాగుండాల సెప్పు?"

"అమ్మా, నియమావళి ఎవ్వరికిని శత్రువు కాదు."

"పాత ఓనరు గవురవంగా మంచం మీద సచ్చిపోనాడు. అదే ఆయన పారిపోనాడనుకో. అప్పుడు ఈలకి పింఛనిత్తారా?"

విశ్వపతి గారి ముఖం వెలిగిపోయింది. ఎన్నాళ్ళ నుంచో ఎవరూ అడగని ప్రశ్న. "పరారీయా? ఆహా! ఇరువది రెండవ అధ్యాయము మొత్తము దానికే కేటాయింపబడినది. మరణించిన యజమానుల యెడల నియమములు కఠినము. పరారైన యజమానుల యెడల మాత్రము ప్రభుత్వము ఎల్లప్పుడును మిక్కిలి ఉదారము. యజమాని ఒక్క మాటయైనను చెప్పక పరారైనచో, కార్మికులు తక్షణమే విశ్రాంతులుగా భావింపబడుదురు. ఏడు దినములలో పింఛను. సంతకము అక్కరలేదు. పరారైనవాడు సంతకమెట్లు చేయును?"

"పొయ్యి ఆరిపోతే?"

"పొయ్యిని గూర్చి యజమానినే అడుగవలెను. యజమాని దొరకడు గదా."

అప్పయ్యమ్మకి కావలసింది దొరికింది. దండం పెట్టి వచ్చేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా తాటిచెట్లు చూసింది. అసిరినాయుడు ఏదో అడగబోతే, "నువ్వేటీ అడక్కు. ఒక్క మాట సెప్పినా సెల్లదంట, వినలేదేటి?" అంది.

మర్నాడు టిఫిన్లు అయ్యాక ఆవిడ ఇడ్లీ పాత్ర బూడిదతో తోమి బోర్లించింది. నిండు చెంబు పొయ్యిలో పోసింది. నిప్పులు చుయ్యిమని చల్లారే దాకా నిలబడి చూసింది. రెండు చీరలు మూట కట్టుకుని, ఇరవై మంది కార్మికులు చూస్తుండగా, రెండింటి బస్సెక్కి ఎవరితోనూ ఒక్క మాట అనకుండా పరారైంది. బస్సు మెట్టు ఎక్కలేక అవస్థ పడుతుంటే పరారీకి తవిటినాయుడే రెక్క పట్టి సాయం చేశాడు. ఎక్కడికని అడిగేవాడు లేడు. పాలవలసలో చెల్లెలు తప్ప ఆవిడకి ఎవరున్నారు గనక.

ఇరవై రెండో అధ్యాయం అన్న మాట నిలబెట్టుకుంది. విశ్వపతి గారు వచ్చి పంచనామా రాశారు.

"పరారైన యజమాని ఆనవాళ్ళు?"

"రెండు మోకాళ్ళూ నొప్పండి" అన్నాడు అసిరినాయుడు.

"స్వభావము?"

"నోరు పెద్దదండి. మనసు మంచిదే." నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ గురించి నలుగురి ముందు ఒక మంచి మాట అనడం అదే మొదలు. అదీ పోలీసు కాగితం లాంటి కాగితం మీద.

ఏడో రోజుకి ఇరవై మందికీ పింఛన్లు పడ్డాయి. దానితో పాటే ఒక షరతు కూడా వచ్చింది. విశ్రాంత కార్మికుల తరఫున ఒకడు నెలనెలా యజమానిని వెదుకుతూ ఉండాలి. వెదికినట్టు రుజువుగా బస్సు టిక్కెట్లు జత చెయ్యాలి. చార్జీలు విభాగమే భరిస్తుంది. యజమాని దొరికిన రోజున మాత్రం పింఛన్లు ఆగిపోతాయి, మిల్లు తెరుచుకుంటుంది. వెదికే పని తనకి ఇమ్మని అసిరినాయుడు చెయ్యెత్తాడు. ఎవరూ పోటీకి రాలేదు.

అందుచేత అతను నెలకోసారి ప్రభుత్వ ఖర్చు మీద పాలవలస వెళ్ళేవాడు. చెల్లెలి ఇంటి అరుగు మీద అప్పయ్యమ్మ కాళ్ళు బారచాపి, చల్లగాలికి కూర్చుని ఉండేది. ఆ కాళ్ళకేసి చూస్తే అతని కడుపు నిండిపోయేది. సాయంత్రం దాకా ఉండి, ఇంటికి వచ్చి, "వెదకితిని, దొరకలేదు" అని ఫారంలో రాసి వేలిముద్ర లాంటి సంతకం పెట్టేవాడు. విశ్వపతి గారు ప్రతిసారీ భుజం తట్టి, "నిరాశ పడవలదు" అనేవారు.

నాలుగో నెలలో సాయంత్రపు బస్సు వచ్చి నిలబడినా అసిరినాయుడు అరుగు మీంచి లేవలేదు.

"ఒలే, ఇంటికాడ బాగోనేదే. ఇల్లంతా బోసిగుంది. అన్నం ఒండుకుంతే ఒక్కడికి ఎంతెయ్యాలో తెలీడం నేదు" అన్నాడు.

"నాకూ బాగోనేదు. కాళ్ళు బాగున్నాయి, మనసు బాగోనేదు." అప్పయ్యమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "నానొచ్చీనా?"

"వొద్దే! నువ్వొచ్చినావంటే మళ్ళా పొయ్యి, మళ్ళా కూత. తవుటుగాడు కొత్త కాయితం రాసుకొని కూకున్నాడు, నాలుగో టీ కావాలంట."

డ్రైవరు హారను కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. అప్పయ్యమ్మ బస్సు వైపు చూసి, మొగుడి వైపు చూసింది.

"ఓనరు ఒక్కర్తే పారిపోవాలని రాసుందేటి? ఎతకడానికొచ్చినోడు బేగి ఎల్లిపోవాలనీ నేదు గదా."

బస్సు వెళ్ళిపోయింది. ఆ నెల ఫారం రాలేదు, ఆ తర్వాతి నెలా రాలేదు. విశ్వపతి గారు కంగారుపడి పుస్తకం తిరగేశారు. వెదకబోయినవాడు తిరిగి రాకపోతే ఏం చెయ్యాలో ఏ అధ్యాయంలోనూ లేదు. మూడు రాత్రులు ఆలోచించి, తన ఉద్యోగ జీవితంలోనే గొప్పదనదగ్గ ఉత్తర్వు ఒకటి తయారుచేశారు.

"శ్రీ లెంక అసిరినాయుడు అను విశ్రాంత కార్మికుడు యజమాని అన్వేషణార్థము బయలుదేరి నేటి వరకు మరలి రాకుండుటచే, అన్వేషణ రేయింబవళ్ళు నిరంతరాయముగ సాగుచున్నట్లు విభాగము భావించుచున్నది. ఇట్టి అంకితభావము ఎల్లరకు ఆదర్శప్రాయము. అన్వేషణ ముగియువరకు కార్మికులందరి పింఛనును, అతని దినభత్యమును కొనసాగింపవలసినదిగా ఆదేశించడమైనది."

ఉత్తర్వు ప్రతి అసిరినాయుడికి అందాలి. ఎక్కడున్నాడో తెలియదు. విశ్వపతి గారు తడబడే మనిషి కాదు. కవరు మీద స్వహస్తాలతో ఇలా రాశారు: "శ్రీ లెంక అసిరినాయుడు గారికి, పరారీలోనున్న యజమాని శ్రీమతి అప్పయ్యమ్మ గారు ఎచ్చట నుండిన అచ్చట."

ఉత్తరం రెండో రోజుకే పాలవలస చేరింది. పోస్టుమాన్ సైకిలు దిగకుండానే అరుగు మీదికి విసిరాడు.

"ఏటి రాసినారు?" అంది అప్పయ్యమ్మ, కాళ్ళు చాపుకునే.

అసిరినాయుడు కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివాడు. అర్థమయ్యాక ఇంకోసారి చదివాడు.

"నిన్ను ఇంకా ఎతకమన్నారు."

"ఎతుకు" అంది ఆవిడ, కాస్త పక్కకి జరిగి చోటిస్తూ. "తొందరేటీ నేదు."